ఒక వేలు తక్కువైన గ్లవ్

మా అత్తగారి బ్యాటరీ షాపులో ఛార్జింగ్ గది తలుపు పక్కన ఒక స్టూలు, దాని మీద ఒక స్టీలు గిన్నె, ఆ పక్కనే కుర్చీలో మా అత్తగారు ఉంటారు. ఈ ముగ్గురినీ దాటకుండా లోపలికి ఎవరూ వెళ్లలేరు. ఉంగరం, గొలుసు, గడియారం, లైటరు, తాళాల గుత్తి, ఫోను, ఏదైనా సరే, ముందు గిన్నెలో పడాలి. అందుకే వీధిలో ఆవిడని చెక్‌పోస్టు అమ్మగారంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "పేరుదేముంది, పని చక్కగా జరుగుతోందిగా," అంటారు.

ఆ రోజు ఉదయం పాల వ్యాను డ్రైవరు వచ్చాడు. ఆయనని మేం తొందరయ్య అంటాం. ఆయన బ్యాటరీ ఒకటి ముందురోజు నుంచి ఛార్జింగులో ఉంది.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం. ఎంతవరకూ వచ్చిందో తొంగి చూసి వచ్చేస్తాను."

"గడియారం," అన్నారు అత్తగారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"నిమిషమేగా!"

"నిమిషం అయిందో లేదో చెప్పడానికి లోపల గోడ గడియారం ఉంది. తియ్యి. ఆ లైటరు కూడా."

"నేను లోపల సిగరెట్ వెలిగిస్తానా పెద్దమ్మా?"

"నువ్వు వెలిగించవు. నీ చెయ్యి వెలిగిస్తుంది, నీకు చెప్పకుండా. లోపల బ్యాటరీలు ఛార్జింగ్ అవుతున్నంతసేపూ ఒక గ్యాస్ వదులుతూ ఉంటాయి. కంటికి కనపడదు, ముక్కుకి తెలీదు. ఒక్క నిప్పురవ్వ తగిలిందా, బ్యాటరీ పగిలి యాసిడ్‌తో మొహం కడుక్కుంటావు. ఇప్పటికే అంతంత మాత్రం మొహం."

తొందరయ్య నవ్వుతూ లైటరు గిన్నెలో వేశాడు. గడియారం వేశాడు. చిటికెన వేలికున్న రాగి ఉంగరం మాత్రం తిప్పుతూ నిలబడ్డాడు.

"దీంట్లోంచి నిప్పు రాదు కదా?"

"రాదు. నిప్పే దాంట్లోకి వస్తుంది. చేతిలో పానా ఒక టెర్మినల్‌కి తగిలి, ఉంగరం రెండో దానికి తగిలిందనుకో, కరెంటు అంతా దాంట్లోంచే పోతుంది. రెప్ప వేసేలోగా ఎర్రగా కాలుతుంది. లోపల నీ వేలు ఉంటుంది."

ఆయన ఉంగరం తీసి గిన్నెలో వేసి, అప్పుడు నా వైపు తిరిగాడు. నేను లోపలికి వెళ్లడానికి ఏప్రాన్ కట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి నిలబడి ఉన్నాను.

"మరి సార్ వేలికి ఉన్నదేమిటి పెద్దమ్మా? నల్లగా, లావుగా?"

అత్తగారు పేపరు మడిచారు.

"అది దెబ్బ," అన్నారు.

"రెండేళ్ల నుంచి మానలేదా?"

"కొన్ని మానవు. నువ్వు లోపలికి వెళ్లు, నీ నిమిషం అయిపోతోంది."

అది దెబ్బ కాదు. ఇన్సులేషన్ టేపు. దాని కింద నా పెళ్లి ఉంగరం.

*

ఆ ఉంగరం మా మొదటి పెళ్లిరోజుకి మా ఆవిడ తన జీతంతో చేయించింది. కొలత నన్ను అడగలేదు. నేను నిద్రపోతుండగా వేలికి దారం చుట్టి చూసుకుందట. అప్పుడు ముడి బిగిస్తే నేను మేలుకుంటానని వదులుగా వేసి, వదులుగా వేశానేమోనని తర్వాత కాస్త తగ్గించి చెప్పిందట. దాంతో అది మొదటి రోజు నుంచే బిగుతు. తొడిగేటప్పుడు కణుపు దాటడానికి అది పడిన పాట్లు చూసి మా బావమరిది, "బావా, ఇది మళ్లీ రాదు, ఆలోచించుకో," అన్నాడు. అన్నట్టుగానే రాలేదు. మా ఆవిడ పోయాక కూడా అది అక్కడే ఉంది. నేను ఎప్పుడూ తీసే ప్రయత్నం చేయలేదు.

ఆవిడ పోయిన కొన్నాళ్లకి మా అత్తగారు ఒక రోజు మా ఇంటికి వచ్చారు. ఆఫీసు ఉద్యోగం నుంచి అప్పటికే రిటైరయి ఖాళీగా ఉన్నాను. వంటింట్లోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూశారు. "అల్లుడు గారూ, ఇక్కడ కూర్చుని గోడలు లెక్కపెట్టే బదులు, వచ్చి మా బ్యాటరీలు లెక్కపెట్టండి. గోడలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగే," అన్నారు. మర్నాడు వెళ్లాను. అత్తగారు నాతో మాట్లాడేటప్పుడు 'అల్లుడు గారూ', 'మీరు' అనడం మానరు. అందులో మర్యాద ఎంత, వెటకారం ఎంత అన్నది విడదీయడం నా చదువుకి అందని పని.

మొదటి రోజు ఛార్జింగ్ గది ముందు గడియారం తీసి గిన్నెలో వేశాను. ఫోను వేశాను. తర్వాత ఉంగరం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. అత్తగారు చూశారు. అప్పటిదాకా ఆ తలుపు దగ్గర ఆవిడ ఎవరినీ వదిలిపెట్టింది లేదు. సొంత కొడుకునీ వదల్లేదు, బ్యాటరీ కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరునీ వదల్లేదు. నన్ను మాత్రం ఉంగరం తీయమనలేదు. లేచి, బల్ల సొరుగులోంచి నల్ల టేపు తీసి, నా చెయ్యి పట్టుకుని, ఉంగరం మీదుగా నాలుగైదు చుట్లు చుట్టి, పంటితో కొరికి తెంపారు.

"కరెంటు తగలదు. వెళ్లండి," అన్నారు.

అప్పటి నుంచి రోజూ అంతే. ఉదయం కొత్త టేపు, సాయంత్రం విప్పడం. ఎవరైనా అడిగితే దెబ్బ.

టేపుతో వేలు లావెక్కడంతో ఇంకో చిక్కు వచ్చింది. రబ్బరు గ్లవ్ ఆ వేలికి ఎక్కదు. పెద్ద సైజు తెస్తే మిగతా వేళ్లు అందులో ఈదుతాయి. బావమరిది కొంచెంసేపు ఆలోచించి, కత్తెర తీసుకుని, కొత్త గ్లవ్‌కి ఉంగరం వేలు మొదలంటా కత్తిరించేశాడు.

"ఇదిగో బావా, నీకోసం స్పెషల్‌గా కుట్టించాను. గాలి బాగా ఆడుతుంది."

"యాసిడ్ కూడా ఆడుతుంది కదరా," అన్నాను.

"ఒక్క వేలే కదా. మిగతావి భద్రం. వందకి ఎనభై మార్కులు. నువ్వు కాలేజీలో ఎప్పుడైనా తెచ్చుకున్నావా?"

కత్తిరించిన ఆ రబ్బరు వేలుని పారేయబోతే అత్తగారు లాక్కున్నారు. అప్పటి నుంచి దాన్ని చూపుడు వేలికి తొడుక్కుని పేపర్ పేజీలు తిప్పుతారు. వేలు తడి చేసుకోనక్కర్లేదు, పేజీ జారదు. పైగా సీసంతో పనిచేసే చోట వేలు నోట్లో పెట్టుకోకూడదన్నది ఆవిడ పెట్టిన మరో రూలు. ఆ దుమ్ము కనపడకుండా కడుపులోకి పోతుందని, చేతులు సబ్బుతో కడుక్కోనిదే మాకు టీ కూడా ఇవ్వరు. షాపులో వేసుకున్న చొక్కా ఇంటికి వేసుకెళ్లనివ్వరు. ఇన్ని రూళ్లలోనూ చిల్లు ఉన్నది ఒక్కటే. ఆ చిల్లులో నా వేలు ఉంది.

*

తొందరయ్య లోపలికెళ్లి నిమిషం దాటాకే వచ్చాడు. గిన్నెలోంచి తన సామాన్లు తీసుకుంటూ, "వ్యాన్లో ఇంకో బ్యాటరీ కూడా ఉంది సార్, కాస్త దింపుకోండి. పాలు విరిగిపోతాయి, నేను పోవాలి," అన్నాడు.

బావమరిది ఎవరింట్లోనో ఇన్వర్టరు బ్యాటరీ బిగించడానికి వెళ్లాడు. నేనే వెళ్లాను. వ్యాను వెనక ఖాళీ పాల డబ్బాల మధ్య ఆ బ్యాటరీ పక్కకి పడుకుని ఉంది. బ్యాటరీ ఎప్పుడూ నిటారుగా ఉండాలని ఆయనకి ఎన్నిసార్లు చెప్పామో.

"ఇలా పడుకోబెట్టావేమయ్యా?"

"అలిసిపోయిందనుకున్నాను సార్."

కళ్లద్దాలు కిందికి దించుకుని, గ్లవ్స్ తొడుక్కుని, బ్యాటరీని నిలబెట్టి ఎత్తాను. పక్క గోడలో సన్నటి బీట ఉందని ఎత్తేదాకా కనపడలేదు. ఎడమ చేతి మీదుగా నూనెలాంటి తడి జారింది. తడబడకుండా ప్లాస్టిక్ తొట్టెలో దింపి, వాకిట్లో కుళాయి దగ్గరికి వెళ్లాను. గ్లవ్ మీద నీళ్లు పోసి, గ్లవ్ తీసి, చెయ్యి కడుక్కున్నాను. టేపు మీద కూడా నీళ్లు పోశాను. అది నల్లగా మెరుస్తూ, తనకేమీ తెలియనట్టు ఉంది. నొప్పి లేదు. తొందరయ్యకి చెయ్యి ఊపి పంపేశాను. నేల మీద పడిన నాలుగు చుక్కల మీద తినే సోడా చల్లాను. అది నురుగులు కక్కుతుంటే చూసి, ఈ చిన్న పని సరిగ్గా చేశానని సంతోషించాను.

బ్యాటరీలో ఉండే యాసిడ్ పలచనది. చర్మం మీద పడగానే అరిపించదు. తీరిగ్గా పని మొదలుపెడుతుంది. టేపు కిందికి ఒక్క చుక్క పోయినా చాలు. పై నుంచి ఎన్ని నీళ్లు పోసినా లోపలికి చేరవు. కరెంటుని బయట ఆపిన టేపే యాసిడ్‌ని లోపల ఆపుతుంది. ఈ మాట ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను కానీ, మేమిద్దరం రోజూ టేపు చుట్టించుకుంటూ, చుడుతూ, రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇలా ఆలోచించలేదు.

టీ వేళకి వేలు చురుక్కుమంది. ఇంకాసేపటికి దురద, తర్వాత మంట. చెప్పొచ్చు. చెబితే టేపు విప్పుతారు. టేపు విప్పితే ఉంగరం తీయాలి. అది రాదు. రాకపోతే కోస్తారు. ఇదంతా నా మనసులో ఒక్క క్షణంలో జరిగిపోయింది. చెయ్యి ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను.

అత్తగారు టీ గ్లాసు అందించారు. కుడి చేత్తో తీసుకున్నాను.

"చక్కెర తక్కువైంది కదూ?" అన్నారు.

"లేదండీ, బాగుంది."

"నేను అసలు వెయ్యలేదు."

"నాకు అలాగే ఇష్టం."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. "నిన్న నేను గాలి బాగుందంటే మీరు దుమ్ము అన్నారు. మొన్న పేపర్లో ఏదో చదివి వినిపిస్తే తప్పు చదివానన్నారు. ఇవాళ చక్కెర లేని టీ బాగుందంటున్నారు. మీకు ఏదో అయింది. చెయ్యి తియ్యండి."

"ఏ చెయ్యి?"

"జేబులో దాక్కున్నది."

తీశాను. టేపు అంచు వెంట చర్మం ఎర్రగా, పొంగుతున్నట్టు ఉంది. అత్తగారి మొహంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు. నా మోచెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించారు. ఆవిడ నా భుజం దాకా కూడా రారు, కానీ ఆ పూట నేనే పిల్లాడిలా వెనక నడిచాను.

"ఎప్పుడు పడింది?"

"తొందరయ్య బ్యాటరీ దింపినప్పుడు."

"అప్పటి నుంచి దాచుకుని తిరుగుతున్నావా? ఒరేయ్ నాన్నా, అది వేలురా! మిఠాయి కాదు దాచుకోవడానికి."

ఆవిడ నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. నాకు అరవై రెండేళ్లు. వేలు మండుతుండగా, ఎందుకో హాయిగా అనిపించింది.

కుళాయి తిప్పి, చెయ్యి ధార కింద పెట్టించి, కత్తెర మొన జాగ్రత్తగా దూర్చి టేపు తెంపారు. తెంపిన ముక్కని రెండు వేళ్ల కొసలతో పట్టుకుని పారేసి తన చెయ్యీ కడుక్కున్నారు. ఉంగరం కింద చర్మం తెల్లబడి, చుట్టూ ఎర్రగా ఉంది. వేలు ఉబ్బింది. ఉంగరం అందులో కూరుకుపోయింది.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. చూశాడు. లోపలికి పరిగెత్తి సోడా డబ్బా పట్టుకొచ్చాడు.

"అమ్మా, తప్పుకో, ఇది చల్లితే యాసిడ్ విరిగిపోతుంది!"

"ఆగు! అది నేలకిరా. మనిషికి నీళ్లు," అని అత్తగారు అతని చెయ్యి మీద ఒకటి వేశారు. "యాసిడ్ మీద సోడా పోస్తే పొంగుతుంది, వేడి పుడుతుంది. నేల ఓర్చుకుంటుంది. మీ బావ ఏం ఓర్చుకుంటాడు, చక్కెర లేని టీ తాగడానికే నానా కష్టం పడ్డాడు."

"మరి ఏం చెయ్యను?"

"గోడ గడియారం చూసి ఇరవై నిమిషాలు అయ్యాక చెప్పు. ఈయన మధ్యలో చాలు అంటే ఒప్పుకోకు."

నీళ్లు చల్లగా పడుతున్నాయి. కుళాయి పక్కన మునగ మొక్క ఒకటి తనంతట తానే మొలిచింది, దాని మీద ధార తుంపర్లు పడుతున్నాయి. ఇన్నాళ్లూ దానికి నీళ్లు ఎవరు పోస్తున్నారా అనుకునేవాణ్ణి.

"చాలేమో అత్తయ్యా, మంట తగ్గింది."

"బావా, మూడు నిమిషాలే అయింది," అన్నాడు బావమరిది లోపలి నుంచి.

"మంట తగ్గితే యాసిడ్ పోయిందని కాదు," అన్నారు అత్తగారు. మళ్లీ 'మీరు'లోకి వచ్చేశారు. "సరే, ఊరికే నిలబడితే కాలం కదలదు. పరీక్ష పెడతాను. కంట్లో పడితే?"

"నలపకూడదు."

"నలపకుండా ఏం చేస్తారు, దాచుకుంటారా?"

"రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని నీళ్లు పోయాలి. మంచి నీళ్లు, మెల్లగా ధారగా. ముక్కు వైపు నుంచి చెవి వైపుకి పారేలా. లేకపోతే రెండో కంట్లోకి పోతుంది."

"ఎంతసేపు?"

"ఇంతసేపే. తర్వాత బాగున్నట్టనిపించినా డాక్టరు దగ్గరికి."

"చొక్కా మీద పడితే?"

"చొక్కా విప్పేయాలి."

"నలుగురూ చూస్తున్నారని సిగ్గుపడితే?"

"సిగ్గు తర్వాత పడొచ్చు."

"తెలిసినవాడే. మింగితే?"

"నోరు పుక్కిలించి ఆసుపత్రికి. వాంతి చేయించకూడదు."

"ఎందుకు?"

"దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది."

"బావకి నూటికి నూరు," అన్నాడు బావమరిది. "ఏడు నిమిషాలు."

"ఇంకొకటి ఉంది," అన్నారు అత్తగారు. గొంతు తగ్గింది. "వేలి మీద పడి, టేపు కిందికి పోతే?"

నేను వేలు ధార కింద ఇంకాస్త ముందుకి జరిపాను. నీళ్ల చప్పుడు వింటూ ఉన్నాను.

"ఆ ప్రశ్న నాది. తప్పింది నేను," అన్నారు. "పాల వ్యాను వాడి రాగి ఉంగరానికి ఇంత ఉపన్యాసం ఇస్తాను. మీ దగ్గరికి వచ్చేసరికి టేపు వెతుక్కుంటాను. ఆ తలుపు దగ్గర కూర్చోవడానికి నాకేం హక్కుంది చెప్పండి."

"నేను తీసి ఉంటే మీకు ఆ కష్టం ఉండేది కాదు."

"మీరు తీస్తారేమోనని రోజూ భయపడేదాన్ని," అన్నారు. అంతే. నా చెయ్యి కొంచెం తిప్పి, ధార ఉంగరం అడుగున పడేలా పట్టుకున్నారు.

*

గడువు అయింది. కడిగిన చోట ఎర్రదనం కొంచెం తగ్గింది, వాపు మాత్రం తగ్గలేదు. బావమరిది చిన్న కటింగ్ ప్లయరు పట్టుకుని వచ్చి, దాన్ని వీపు వెనక దాచి నిలబడ్డాడు.

"అది కనపడుతోందిరా," అన్నాను.

"బావా, అది అలాగే ఉంటే వేలు ఇంకా ఉబ్బుతుంది. రక్తం అందదు. కింద ఇంకా యాసిడ్ ఉందేమో కూడా తెలీదు."

"వద్దు."

"నేను నీటుగా కోస్తాను. అతికించుకోవచ్చు."

"వద్దన్నానా."

అత్తగారు అతన్ని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు. స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి తల కంటే పైకి ఎత్తి పట్టుకున్నారు. బడిలో ప్రశ్న అడగడానికి చెయ్యెత్తిన పిల్లాడిలా ఉన్నాను.

"అమ్మాయి ఇప్పుడు ఇక్కడ ఉంటే ఏం చేసేదో చెప్పండి," అన్నారు.

ఆలోచించనక్కర్లేకపోయింది. "ముందు నన్ను తిట్టేది."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

బావమరిది నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"తిట్టాక?"

నేను ఉంగరం వైపు చూశాను. కొలత తప్పిందని తెలిసినప్పుడు మా ఆవిడ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. తప్పు ఒప్పుకోకుండా, తప్పంతా నా కణుపు మీదికి తోసేసింది. ఆవిడ ఉంటే ఈపాటికి ప్లయరు తమ్ముడి చేతిలోంచి లాక్కుని ఉండేది.

"తిట్టాక కోసేసేది," అన్నాను.

"మరి?"

"కొయ్యరా," అని చెయ్యి చాపాను.

బావమరిది ముందుకు వచ్చాడు. ప్లయరు మొన ఉంగరం కిందికి దూర్చబోయాడు. దూరలేదు. అక్కది కదా, గట్టిగా నొక్కడానికి అతనికి మనసొప్పలేదు. అత్తగారు అతన్ని పక్కకి జరిపి, "నీ మొహం, దానికి చోటెక్కడుంది. ఉండు," అని, కాస్త సబ్బు నురుగు తీసుకుని, ఎత్తి పట్టుకున్నందుకు వాపు దిగిందేమో చూస్తూ, కాలిన చోటుని తాకకుండా కణుపు మీద మాత్రం రాశారు. ఉంగరాన్ని లాగలేదు. అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూ పోయారు.

"చిన్నప్పుడు మీ ఆవిడ తల ఇనప చువ్వల మధ్య ఇరికించుకుంది," అన్నారు తిప్పుతూ. "మెట్ల కటకటాల్లో. వీడి నాన్న రంపం తెచ్చారు. నేను కొబ్బరినూనె తెచ్చాను."

"ఎలా వచ్చింది?"

"చెవులు ముందు, ముక్కు తర్వాత. ఇదిగో, ఇలాగే."

ఉంగరం కణుపు దాటింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నా వేలు ఖాళీ అయింది. నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. ఆకాశం ఉన్నచోటే ఉంది. కోయమని ఒప్పుకున్నాక కోయకుండానే రావడం అనే ఆ చిన్న దయ నాకు ఎవరు చూపించారో తెలియదు, కానీ అందుకున్నాను. అత్తగారు వెంటనే ఉంగరాన్ని కొడుకు చేతిలో పడేసి, నా వేలుని మళ్లీ ధార కింద పెట్టారు.

"మళ్లీనా?"

"దాని కింద దాక్కున్న చోటికి ఇప్పుడేగా దారి దొరికింది. గడియారం చూడరా."

ఉంగరం కడిగి బావమరిది వెలుతురులో తిప్పి చూశాడు. "దీనికేం కాలేదు బావా. కాలింది నువ్వే."

*

క్లినిక్‌లో డాక్టరు వేలు చూసి, పైపైనే కాలిందని, మచ్చ ఉండొచ్చని, వేలికి ఇబ్బంది లేదని అన్నాడు. "ఏమైనా పూశారా?" అని అడిగాడు.

"నీళ్లు," అన్నారు అత్తగారు.

"ఇంకేమీ పూయలేదా? వెన్న, పేస్టు, పసుపు?"

"వేలు కాలింది, రొట్టె కాదు."

డాక్టరు నవ్వి, కట్టు వదులుగా కట్టి, "ఆలస్యంగా కడిగారు, కానీ బాగా కడిగారు. మీలాంటివాళ్లు మా దగ్గర ఒకరుంటే బాగుండు," అన్నాడు.

"వస్తాను. గుమ్మంలో గిన్నె పెట్టుకోనిస్తారా?"

ఆయనకి అర్థం కాలేదు. దారంతా నేను నవ్వుకుంటూ వచ్చాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. రోడ్డు దాటేటప్పుడు నా కుడి చెయ్యి పట్టుకున్నారు, దాటాక వదిలేశారు.

మర్నాడు షాపుకి వెళ్లేసరికి బావమరిది కొత్త గ్లవ్స్ జత బల్ల మీద పెట్టి ఉంచాడు. అయిదు వేళ్లూ ఉన్నాయి. పాత గ్లవ్ చెత్తబుట్టలో, మిగిలిన నాలుగు వేళ్లు పైకెత్తి పడి ఉంది. తొందరయ్య అప్పటికే వచ్చి కూర్చున్నాడు. బీట పడిన బ్యాటరీని నిటారుగా పెట్టి తేవాల్సిందని అత్తగారు ఆయనకి ఉదయం నుంచి చెబుతున్నట్టుంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"సార్, నావల్లే," అన్నాడు.

"నీ వల్ల ఒక మంచి కూడా జరిగిందిలే," అన్నాను.

అత్తగారు తలుపు దగ్గర కుర్చీలో ఉన్నారు. కళ్లద్దాలు సర్దుకుని నా వైపు చూశారు, అందరినీ చూసినట్టే.

"గడియారం," అన్నారు.

వేశాను.

"ఫోను."

వేశాను.

"ఇంకా?"

బావమరిది నిన్న పొట్లం కట్టి ఇచ్చిన ఉంగరాన్ని చొక్కా జేబులోంచి తీశాను. కట్టు ఉంది కాబట్టి అది వేలికి ఎక్కదు. జేబులోనే ఉంచుకుని లోపలికి వెళ్లిపోవచ్చు, ఎవరికీ కనపడదు. కానీ ఆవిడ అడిగారు, నేను చెయ్యి చాపాను. గిన్నెలో తొందరయ్య లైటరు, తాళాలు, రాగి ఉంగరం ఉన్నాయి. వేయబోతే ఆవిడ నా చెయ్యి ఆపారు.

"ఆ ఇనప సామాన్ల మధ్యా? గీతలు పడవూ?"

చూపుడు వేలికున్న రబ్బరు తొడుగు ఊడదీశారు. నా గ్లవ్‌లోంచి కత్తిరించిన వేలు. అందులో ఉంగరం జారవిడిచి, నోరు మడిచి, గిన్నెలో ఒక పక్కగా పెట్టారు. ఆ రబ్బరు వేలిలో ఉంగరం ఏ బిగుతూ లేకుండా పడుకుంది.

"సాయంత్రం ఇస్తాను. వెళ్లండి," అన్నారు.

"మరి మీ పేపరు ఎలా తిప్పుతారు అత్తయ్యా?"

"నేనెందుకు తిప్పుతాను? పని అయ్యాక మీరు వచ్చి చదివి వినిపిస్తారు. నేను తప్పు చదువుతానుగా."

"చక్కెర వేసిన టీ ఇస్తేనే."

"చేతులు కడుక్కుంటేనే," అన్నారు ఆవిడ. తొందరయ్య వైపు తిరిగి, "నీ చిటికెన వేలు ఇంకో ఉంగరం దాస్తోందా, ఏదీ చూపించు," అన్నారు.

నేను గ్లవ్స్ తొడుక్కున్నాను. కట్టు మీదుగా కొంచెం ఇబ్బందిగానే అయినా అయిదో వేలు కూడా లోపలికి వెళ్లింది.